పానకంలో పుడక: యంత్రాలు పిలుపు వినడం నేర్చుకున్న కథ

ఒక పని శ్రద్ధగా చేసుకుంటూ ఉండగా మధ్యలో ఎవరైనా వచ్చి పిలిస్తే "పానకంలో పుడకలా వచ్చావు" అని విసుక్కోవడం మనకు అలవాటు. కంప్యూటర్ల వాళ్ళు ఈ పుడకకి ఇంటరప్టు అని పేరు పెట్టారు. మన పాఠకుల ఇళ్ళలో ఈ రంగంలో పనిచేసేవారు ఒక్కరైనా ఉంటారు కనక ఈ మాట చాలామంది చెవిన పడే ఉంటుంది. ఇది ఎందుకు పుట్టింది, దీన్ని చూసి మహామహులే ఎందుకు భయపడ్డారు, ఇవాళ మన చేతిలో ఉన్న ఫోను దీనిమీద ఎలా ఆధారపడి ఉంది - ఈ కథ మాత్రం ఆ రంగంలో ఉన్నవారికి కూడా పూర్తిగా తెలియకపోవచ్చు. ఆ రంగంతో సంబంధం లేనివారికి సైతం బోధపడేలా చెప్పాలని ఈ ప్రయత్నం.

ముందు వంటింట్లోకి వెళదాం. పొయ్యిమీద పాలు పెట్టామనుకోండి. అవి ఎప్పుడు పొంగుతాయో మనకి చెప్పవు. నిమిషానికోసారి వెళ్ళి చూసుకోవాలి, లేదా అక్కడే నిలబడాలి. కుక్కరు సంగతి వేరు. అది కూత పెట్టేదాకా మనం కూరలు తరుక్కోవచ్చు. కూత వినపడగానే కత్తిపీట పక్కకి జరిపి, మంట తగ్గించి, మళ్ళీ వచ్చి సగం తరిగిన వంకాయ దగ్గరనుంచి మొదలుపెడతాం. పాల పద్ధతిని పోలింగ్ అంటారు. కుక్కరు పద్ధతి ఇంటరప్టు.

కుక్కరు పద్ధతి పనిచెయ్యాలంటే మూడు కావాలి. పిలుపు వినపడాలి. పని ఎక్కడ ఆపామో గుర్తుండాలి. పిలిచినవారి పని చూసి, తిరిగి ఆపినచోటికే రావాలి. ఈ మూడింటిలో కష్టమైనది రెండోది. అష్టావధానం చూసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి అంటూ పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరికి ఒక పాదం చెప్పి అవధాని ఇంకొకరి వైపు తిరుగుతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డుతగులుతూనే ఉంటాడు. ఎక్కడో గంట మోగుతూ ఉంటుంది, ఆ దెబ్బలు లెక్కపెట్టాలి. ఇన్నింటి మధ్య ఏ పద్యం ఏ పాదం దగ్గర ఆగిందో మరచిపోకుండా చివరికి అన్నీ వరసగా అప్పజెప్పాలి. ఆ శక్తికి మనవాళ్ళు పెట్టిన పేరు ధారణ. యంత్రానికి ధారణ నేర్పడమే ఇంటరప్టు చరిత్రలో ముఖ్యమైన ఘట్టం.

ఎదురుచూపుల కాలం

తొలితరం కంప్యూటర్లు వేగంగా లెక్కలు కట్టేవి, ఆపైన ఊరికే కూర్చునేవి. అచ్చువేసే యంత్రం, టేపు, కార్డులు చదివే యంత్రం - ఇవన్నీ మరలతో తిరిగేవి. వాటి వేగానికీ విద్యుత్తుతో నడిచే గణకం వేగానికీ పొంతన లేదు. దీన్ని అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. 1965లో వచ్చిన పీడీపీ-8 అనే చిన్న కంప్యూటరు ఒక కూడిక చెయ్యడానికి 3 మైక్రోసెకన్లు పట్టేది. దానికి తగిలించే టెలిటైపు సెకనుకి 10 అక్షరాలు కొట్టేది. అంటే ఒక అక్షరం కొట్టేలోపల ఆ కంప్యూటరు 33,000 కూడికలు చెయ్యగలదు. "అక్షరం అయిందా, అయిందా" అని అడుగుతూ కూర్చుంటే ఆ 33,000 కూడికలూ గంగలో కలిసినట్లే. లక్షల డాలర్ల పెద్ద యంత్రాల విషయంలో ఈ దుబారా ఎంతటిదో ఊహించుకోవచ్చు.

మొదటి అడుగు 1951 నాటి యూనివాక్-1 లో కనిపిస్తుంది. కూడికలో అంకె పట్టనంత పెద్దదైతే ఆ యంత్రం తనంతట తానే చేస్తున్న పని వదిలి, సున్నా చిరునామాలో ఉన్న రెండు ఆదేశాలను పాటించేది. ఇది లోపలినుంచి వచ్చిన పిలుపు. బయటి పరికరం పిలిస్తే పలకడం 1954లో డైసియాక్ తో మొదలయింది. దీన్ని అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ సైన్యపు సిగ్నల్ విభాగం కోసం కట్టింది. లారీలో అమర్చి ఒకచోటినుంచి ఇంకొకచోటికి తీసుకుపోగలిగిన కంప్యూటరు అది. తరువాతి ఆదేశం ఎక్కడుందో చెప్పే గణికలు దీనిలో రెండు ఉండేవి. బయటినుంచి సంకేతం రాగానే యంత్రం ఒక గణికను వదిలి రెండో దాన్ని పట్టుకునేది. వదిలిన గణికలో పాత చోటు భద్రంగా ఉండిపోయేది. యంత్రానికి దొరికిన మొదటి ధారణ ఇదే అనుకోవచ్చు.

తరువాత యూనివాక్ 1103ఎ వచ్చింది. క్లీవ్‌లాండులో నాకా అనే సంస్థ ప్రయోగశాల ఉండేది. 1958లో నాసాగా మారినది ఆ సంస్థే. అక్కడ విమానాల నమూనాలను గాలిసొరంగంలో పెట్టి పరీక్షించేవారు. సొరంగం నడిచినంతసేపూ కొలతలు వస్తూనే ఉంటాయి, అవి కంప్యూటరు తీరిక కోసం ఆగవు. అలా అని సొరంగం నడవని వేళల్లో అంత ఖరీదైన యంత్రాన్ని ఖాళీగా ఉంచడమూ సాధ్యం కాదు. అందుకని మామూలు లెక్కలు చేసుకుంటూ, సొరంగం పిలిచినప్పుడు వెంటనే అటు తిరిగే ఏర్పాటు చేశారు. ఈ ఇంటరప్టు గురించిన పత్రం 1956లో ఒక కంప్యూటర్ సదస్సులో వెలువడింది.

ఒక గణితజ్ఞుడి భయం

ఇంతవరకూ ఇది లాభాల కథ. దీనిలోని ప్రమాదాన్ని ముందుగా పసిగట్టినవారిలో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ముఖ్యుడు. హాలండులో ఆమ్‌స్టర్‌డామ్ గణిత కేంద్రంలో ప్రోగ్రాములు రాసేవాడు. 1957లో పెళ్ళి రిజిస్టరులో వృత్తి అన్నచోట "ప్రోగ్రామరు" అని రాయబోతే, అలాంటి వృత్తి ఒకటి లేదు పొమ్మన్నారట అధికారులు. ఆ రోజుల్లోనే ఆయన సహచరులు లూప్‌స్ట్రా, షోల్టెన్ కలిసి ఎక్స్1 అనే కొత్త యంత్రానికి రూపకల్పన చేస్తున్నారు. దానిలో ఇంటరప్టు పెడదామని వాళ్ళు అనగానే డైక్‌స్ట్రాకి గుండెల్లో రాయి పడింది. ఈ సంగతి తరువాతి రోజుల్లో ఆయనే చెప్పుకున్నాడు.

ఆ భయం ఉత్తది కాదు. అప్పటిదాకా ప్రోగ్రాములో తప్పుంటే, అదే ప్రోగ్రామును అవే అంకెలతో మళ్ళీ నడిపిస్తే అదే తప్పు అక్కడే వచ్చేది. తప్పు మళ్ళీ కనబడితే దిద్దుకోవచ్చు. ఇంటరప్టు వచ్చాక ఆ భరోసా పోయింది. పిలుపు ఏ క్షణంలో వస్తుందో ప్రోగ్రాము రాసేవాడికి తెలియదు. ఏ రెండు ఆదేశాల మధ్యనైనా రావచ్చు. ఒకానొక క్షణంలో వస్తేనే బయటపడే తప్పు నెలకోసారి కనిపించి, వెతకబోతే మాయమవుతుంది. దొంగని పట్టుకోవచ్చుగాని దయ్యాన్ని పట్టుకోవడం ఎలా?

ఆ మిత్రులిద్దరూ ఆయన్ని నీకంటె ఇంకెవరు చెయ్యగలరు అన్నట్లుగా పొగిడి ఒప్పించారు. డైక్‌స్ట్రా ఒక నియమం పెట్టుకున్నాడు. పిలుపు ఎప్పుడు వచ్చినా, పాత ప్రోగ్రాము స్థితినంతా తీసి భద్రపరచి, పని అయ్యాక అణుమాత్రం తేడా లేకుండా తిరిగి పెట్టగలమని ముందు కాగితం మీద రుజువు చెయ్యాలి. నడిపించి చూసి సరిపోయిందనుకోవడం ఇక్కడ చాలదు, ఎందుకంటే నడిపించి చూడగలిగిన క్షణాలకంటె చూడలేని క్షణాలే ఎక్కువ. ఎక్స్1 కోసం చేసిన ఈ పనిమీదనే 1959లో ఆయన డాక్టరేటు సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. 1968లో ప్రచురించిన టీహెచ్ఈ అనే వ్యవస్థలో మరొక మెట్టు ఎక్కి, గడియారపు ఇంటరప్టును అన్నిటికన్న కింది అంతస్తులో పెట్టి, పై అంతస్తుల ప్రోగ్రాములకు దాని ఉనికే తెలియకుండా చేశాడు. ఇవాళ మనం ఉత్తరం టైపుచేస్తున్న ప్రోగ్రాముకు సెకనులో ఎన్నిసార్లు తనని ఆపి మళ్ళీ నడిపించారో తెలియదు. ఆ నిశ్చింత వెనుక ఆనాటి భయం ఉంది.

ఎవరి పిలుపు ముందు?

పిలిచేవారు ఒక్కరే అయితే చిక్కులేదు. నలుగురు ఒక్కసారి పిలిస్తే? తలుపు తడుతున్నవాడు, ఉయ్యాలలో ఏడుస్తున్న పిల్ల, పొంగుతున్న పాలు - ముందు దేని దగ్గరికి పోవాలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. యంత్రానికి నేర్పాలి. ఎమ్.ఐ.టి. లింకన్ ప్రయోగశాలలో 1950ల చివర వెస్లీ క్లార్క్ రూపొందించిన టీఎక్స్-2 లో ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క గణిక ఇచ్చి, వాటికి పెద్దా చిన్నా వరస పెట్టారు. చిన్నవాడి పని జరుగుతుండగా పెద్దవాడు పిలిస్తే అటు వెళతారు. పెద్దవాడి పని జరుగుతుండగా చిన్నవాడు పిలిస్తే ఆగమంటారు.

గడియారాన్ని కూడా పిలిచేవారి జాబితాలో చేర్చడంతో కంప్యూటరు వాడుకే మారిపోయింది. 1961లో ఎమ్.ఐ.టి.లోనే కోర్బటో బృందం సీటీఎస్ఎస్ ను ప్రదర్శించింది. గడియారం గంట కొట్టినప్పుడల్లా ఒకరి పని ఆపి ఇంకొకరి పని నడిపిస్తే, ఒకే యంత్రం ముందు పదిమంది కూర్చుని ఎవరికివారు "ఇది నా ఒక్కడిదే" అనుకోవచ్చునని అది చూపించింది. అప్పటికి ఏ ప్రోగ్రామైనా దారి తప్పి అదే వలయంలో తిరుగుతూ కూర్చుంటే యంత్రం మొత్తం ఇరుక్కుపోయేది. గడియారపు పిలుపుకి ఎవరూ అడ్డుచెప్పలేరు కనక, పెత్తనం ప్రోగ్రాము చేతిలోంచి ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చింది.

1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 ఈ అనుభవాలన్నిటినీ ఒక పద్ధతిలో పెట్టింది. పిలుపులను ఐదు తరగతులుగా విడదీసింది: పరికరాలనుంచి వచ్చేవి, ప్రోగ్రాము చేసిన తప్పులవల్ల వచ్చేవి, యంత్రం చెడితే వచ్చేవి, గడియారంలాటి బయటివి, ప్రోగ్రాము తానే ఆపరేటింగ్ సిస్టమ్ సాయం కోరుతూ పిలిచేవి. చివరిది గమనించండి. తనని తానే ఆపుకుని పెద్దలను పిలవడం అది. ఇవాళ ఫైలు తెరవాలన్నా ప్రోగ్రాములు ఇటువంటి మార్గంలోనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతాయి.

పెద్ద యంత్రాలలో ఈ వైభవం ఉండగా చిన్నవాటిలో పొదుపు నడిచింది. పీడీపీ-8 లో అన్ని పరికరాలకూ కలిపి ఒకటే పిలుపు తీగ. పిలుపు రాగానే యంత్రం తానున్న చోటుని సున్నా చిరునామాలో రాసుకుని, ఒకటో చిరునామాకి వెళ్ళేది. అక్కడి ప్రోగ్రాము "పిలిచింది నువ్వా? పోనీ నువ్వా?" అని పరికరాలను ఒక్కొక్కటిగా అడగాలి. 1970లో వచ్చిన పీడీపీ-11 లో ఆ బాధ తీరింది. పిలిచే పరికరమే తన చిరునామా కూడా చెప్పేది. యూనిక్స్ పెరిగింది ఈ యంత్రం మీదనే. దాని గడియారానికి ఆధారం గోడలోంచి వచ్చే కరెంటు. అమెరికాలో సెకనుకి 60 పిలుపులు, ఇండియాలోనో ఇంగ్లండులోనో అయితే 50!

ఆ కాలంలోనే మన హైదరాబాదులోనూ కంప్యూటర్ల తయారీ మొదలయింది. మొగల్లులో పుట్టిన డాక్టర్ ఎ.ఎస్.రావుగారి సారథ్యంలో 1967లో ఈసీఐఎల్ వెలిసింది. ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటరు 1969లో బయటికి వచ్చింది. అణుశక్తి శాఖ అవసరాలకోసం పుట్టిన సంస్థ కనక, దాని దృష్టి జమాఖర్చులమీద కన్న పరికరాలను నడిపే ఎలక్ట్రానిక్స్ మీద ఉండేది. రియాక్టరు దగ్గర కూర్చున్న యంత్రానికి పిలుపు వెంటనే వినపడాలని వేరే చెప్పాలా?

చంద్రుడి మీద దిగుతుండగా

అదే 1969లో, జులై 20న, అపోలో-11 చంద్రుడిమీద దిగుతుండగా "1202" అని ప్రమాద సూచిక వెలిగింది. దించుతున్న కంప్యూటరుకి పని మోయలేనంత అయిందని దాని అర్థం. కారణం తరువాత తేలింది. దిగేటప్పుడు అవసరంలేని ఒక రేడారు, రెండు విద్యుత్ సరఫరాల మధ్య పొంతన కుదరకపోవడంవల్ల, సెకనుకి 12,800 దాకా వట్టి సంకేతాలు పంపించింది. నిజానికి ఇవి పూర్తి ఇంటరప్టులు కావు. వాటి చిన్న తమ్ముళ్ళు. ఒక్కొక్కటి కంప్యూటరు సమయంలో ఒక్కొక్క ముక్క, సుమారు 11.7 మైక్రోసెకన్లు, దొంగిలించేది. గుణించి చూడండి, మొత్తం సమయంలో నూటికి 15 వంతులు పోయింది.

కొంప మునగకపోవడానికి కారణం ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళ ముందుచూపు. హాల్ లానింగ్ రూపొందించిన పద్ధతిలో ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం ఉండేది. భారం మించినప్పుడు అన్నీ ఆపి, నౌకను నిలబెట్టే ముఖ్యమైన పనులను మాత్రం ఆగినచోటినుంచి తిరిగి మొదలుపెట్టి, మిగిలినవాటిని వదిలేసేది. దిగేలోగా ఇలా ఒకటికి నాలుగుసార్లు జరిగింది. అంతటి గొడవలోనూ నౌక దారి తప్పలేదు.

ఎనిమిది తీగలు

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. చాలామంది ఇళ్ళలోకి ఇంటరప్టు అడుగుపెట్టింది దీనితోనే. 8259 అనే చిప్పు ఎనిమిది పరికరాల పిలుపులు విని, వాటిలో పెద్దదాన్ని ఎంచి, ప్రాసెసరుకి చెప్పేది. సరిగా ఎనిమిదిమంది పృచ్ఛకులు! సున్నా తీగ గడియారానిది, సెకనుకి 18.2 పిలుపులు. ఒకటో తీగ కీబోర్డుది. మీట నొక్కితే బయాస్ అనే ఫర్మ్‌వేరు, అంటే యంత్రంతోపాటే చిప్పులో రాసి వచ్చే ప్రోగ్రాము, లేచి ఆ మీట ఏదో చదివి ఒక చిన్న వరసలో పెట్టేది. వరసలో 15 మీటలకే చోటు. అది నిండితే "బీప్" మని అరిచేది. ఆ అరుపు గుర్తున్నవారు మనలో చాలామంది ఉంటారు. పని అయ్యాక "అయింది, ఇక తరువాతివారిని పంపు" అని 8259 కి చెప్పాలి. చెప్పడం మరచిన ప్రోగ్రాముకి ఆ తీగమీద మళ్ళీ పిలుపు వినపడదు.

ఇక్కడ ఒక తగాదా కథ ఉంది. ప్రతి పిలుపుకీ ఒక సంఖ్య, ఆ సంఖ్య ప్రకారం వెళ్ళవలసిన చిరునామా మెమరీ మొదట్లో ఒక పట్టికలో ఉండేవి. మొత్తం 256 గళ్ళు. మొదటి 32 మా భవిష్యత్ అవసరాలకు అట్టిపెట్టుకున్నామని ఇంటెల్ రాసిపెట్టింది. ఐబీఎం అది లెక్కచెయ్యకుండా 8 నుంచి 15 వరకూ తన పరికరాలకు ఇచ్చేసింది. 1982లో ఇంటెల్ 80286 విడుదల చేసి, ఎనిమిదో సంఖ్యను ఒక పెద్ద తప్పుకి గుర్తుగా వాడుకుంది. దానితో ఆ సంఖ్యమీద పిలుపు వస్తే అది గడియారమా, ప్రమాదమా తెలియని పరిస్థితి. పునాదిలో పెట్టిన రాయిని తరువాత కదపడం ఎవరివల్ల అవుతుంది? అందుకని తరువాతి ఆపరేటింగ్ సిస్టమ్‌లు, లినక్స్ తో సహా, లేవగానే ఫర్మ్‌వేరు చేసిన ఏర్పాటును చెరిపేసి పరికరాలను 32 నుంచి మొదలయ్యే గళ్ళకు మార్చుకోవలసి వచ్చింది. ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్ళు ముందు సామాను సర్దుకున్నట్లు అన్నమాట.

1984లో పీసీ ఏటీ రెండో 8259 చేర్చి తీగలు పెంచినా చాలలేదు. పాత బస్సు పద్ధతిలో ఒక తీగను ఇద్దరు పంచుకోవడం కుదిరేది కాదు. 1990ల మొదట్లో శబ్దాల కార్డు కొని పెడితే మోడెము మూగపోవడం, పిన్నులు మార్చుకుంటూ ఆదివారమంతా గడపడం చాలా ఇళ్ళలో జరిగిన ముచ్చటే. 1992లో వచ్చిన పీసీఐ బస్సులో తీగలు పంచుకునే వీలు కలిగింది. తరువాత తీగ అనేదే లేకుండా, పరికరం ఒక చిన్న సందేశం రాసి పిలిచే పద్ధతి వచ్చింది.

మళ్ళీ పాల దగ్గరికి

ఫర్మ్‌వేరుకీ ఆపరేటింగ్ సిస్టమ్‌కీ మధ్య పెత్తనం గొడవ పూర్తిగా తీరలేదు. 1990లో ఇంటెల్ 386ఎస్ఎల్ తో ఒక రహస్యపు పిలుపు వచ్చింది. అది మోగితే ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఉన్నచోట నిలిపేసి ఫర్మ్‌వేరు తన పని చూసుకుంటుంది. మధ్యలో కాలం గడిచిందన్న సంగతి ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఎవరూ చెప్పరు, ఆ పిలుపుని ఆపే హక్కూ దానికి లేదు. బ్యాటరీ పొదుపుకోసం పుట్టిన ఈ ఏర్పాటు, క్షణం తప్పకూడని పనులు చేసేవారికీ, భద్రత చూసేవారికీ తలనొప్పిగా మిగిలింది. బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేరు మాత్రం గడియారం ఒక్కదాని పిలుపే వింటుంది. మిగతా పరికరాల దగ్గరికి తానే వెళ్ళి అడిగి చూసుకుంటుంది. పాల పద్ధతే!

ఆ పద్ధతి వేరొక చోట కూడా తిరిగి వచ్చింది. నెట్‌వర్కులు వేగం పుంజుకున్నాక, ప్రతి పొట్లానికీ ఒక పిలుపు రావడంతో యంత్రాలు పలకడంతోనే కాలం గడిపి, వచ్చిన పొట్లాన్ని విప్పే తీరిక లేక పారేసేవి. గుమ్మం దగ్గర అతిథులను "రండి, రండి" అని పిలవడమేగాని విస్తరి వేసే నాథుడు లేని పెళ్ళిలాగా. జెఫ్రీ మొగల్, కె.కె.రామకృష్ణన్ 1996లో దీనికి విరుగుడు ప్రకటించారు. మొదటి పిలుపు వినగానే గంటను కట్టేసి, మనమే వెళ్ళి ఉన్న పొట్లాలన్నీ వరసగా తెచ్చుకుని, ఖాళీ అయ్యాక మళ్ళీ గంట విప్పాలి. లినక్స్ కూడా తరువాత ఈ దారే పట్టింది. తీరికగా ఉన్నప్పుడు కుక్కరు పద్ధతి, ఒత్తిడిలో పాల పద్ధతి.

చివరిగా ఒక మాట. దీన్ని తెలుగులో ఏమనాలి? "అంతరాయం" అని రాసేవారున్నారు. ఆ మాట వింటే మనకి కరెంటు పోవడం, రైళ్ళు ఆగిపోవడం గుర్తుకొస్తాయి. పని చెడిపోయిందన్న అర్థం అందులో ఉంది. ఇక్కడ పని చెడదు. పని చెడకుండా పలకడంకోసమే డెబ్బై ఏళ్ళకు పైగా ఇంత శ్రమ జరిగింది. అందుకని ఇంటరప్టుని "పిలుపు" అనీ, స్థితిని భద్రపరచడాన్ని "ధారణ" అనీ, పిలిచే పరికరాన్ని "పృచ్ఛక పరికరం" అనీ అందామని నా ప్రతిపాదన. ఈ మూడు మాటలతో, కంప్యూటరు ముట్టుకోని అమ్మమ్మకి ఈ దేశంలో పుట్టిన మనవరాలు తన ఉద్యోగం ఏమిటో చెప్పుకోగలదు, అమ్మమ్మ అవధానమంటే ఏమిటో తిరిగి చెప్పగలదు. ఇంతకంటె మంచి మాటలు తట్టినవారు సంపాదకులకు రాయవలసిందిగా కోరుతున్నాను.